ఏరినవారి పేరు: అమెరికా అడవితిండి పుస్తకాలు

అడవుల్లో, బీళ్లలో, దారుల పక్కన దొరికే ఆకులు, పండ్లు, దుంపల గురించి రాసిన పుస్తకాలది అమెరికా సాహిత్యంలో ఒక ప్రత్యేకమైన పాయ. ప్రకృతి వర్ణన, వృక్షశాస్త్రం, వంట, ఆత్మకథ అందులో కలిసి ప్రవహిస్తాయి. ఈ తిండి ఎవరూ పండించనిది కనుక ఎవరికైనా అందుతుందన్న భావన ఈ పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ఇది సగమే నిజం. కాయ దానంతటదే కాస్తుంది కాని, అది తినదగినదన్న ఎరుక దానంతటదే పుట్టదు. ఏ నెలలో కోయాలి, ఏ భాగం వదిలేయాలి, ఎలా ఉడికించాలి అన్నవి ఎవరో తరతరాలుగా పరీక్షించి నిలుపుకున్న సంగతులు. ఆ ఎరిగినవారికి ఎంత చోటిచ్చిందన్నదాన్ని బట్టి ఈ సాహిత్యాన్ని అంచనా వేయవలసి ఉంటుంది.

హెన్రీ డేవిడ్ థోరో 1862లో మరణించేనాటికి, మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ పరిసరాల్లో పండే పండ్లపై అతను రాస్తున్న పెద్ద గ్రంథం అసంపూర్ణంగా మిగిలిపోయింది. బ్రాడ్లీ డీన్ పరిష్కరించిన ఆ రాతప్రతి ‘వైల్డ్ ఫ్రూట్స్’ పేరుతో 2000లో వెలువడింది. 1846లో పన్ను కట్టనందుకు ఒక రాత్రి జైలులో గడిపిన థోరో, విడుదలైన కాసేపటికే హకల్‌బెర్రీలు ఏరేవారితో కలిసి కొండకు వెళ్లాడు. రాజ్యాధికారం కనుచూపు మేరలో లేని చోటుగా ఆ కొండను చిత్రించాడు. చివరి రచనలో ఆ నిశ్చింత లేదు. పండ్లున్న పొలాలకు హద్దులు పడటం, ఏరుకోవడం నేరమవడం, ఏరే హక్కును అమ్ముకోవడం చూసి అతను బాధపడ్డాడు. ఊరుమ్మడి హక్కుగా ఉన్నది సరుకైపోతే పండు రుచే మారిపోతుందన్నది అతని వాదం. తెల్లవారు ఈ పండ్ల వాడకాన్ని ఆదివాసుల దగ్గరే నేర్చుకున్నారనీ, వాటికి ఆదివాసీ పేర్లే ఉండాలనీ అన్నాడు. అయితే ఆ ఆదివాసులు ఎక్కువగా పాత యాత్రికుల గ్రంథాల నుంచి వచ్చినవారు. వారి జ్ఞానం పుస్తకంలో ఉంది; వారు మాత్రం గతకాలపు మనుషులుగా మిగిలారు.

ఈ పాయను జనంలోకి తెచ్చినవాడు యూయెల్ గిబ్బన్స్. అతని ‘స్టాకింగ్ ది వైల్డ్ ఆస్పరాగస్’ 1962లో వచ్చింది. బాల్యంలో న్యూమెక్సికోలో ఇంట్లో తిండి కరువైనప్పుడు అడవి దినుసులు ఏరి తెచ్చి తల్లినీ తోబుట్టువులనూ పోషించినవాడతను. ఆకలి తెలిసినవాడు కనుకనే అతని వాక్యంలో వేదాంతం తక్కువ, వంట ఎక్కువ. అదే అతని బలం. కాని పేదరికపు తిండి మధ్యతరగతి వినోదంగా మారే మలుపులో కూడా నిలిచింది ఆ పుస్తకమే. 1970ల తొలి ఏళ్లలో గ్రేప్‌నట్స్ అనే అల్పాహారానికి అతను టెలివిజన్ ప్రకటనలు చేశాడు. వాటిని చూసి పిల్లలు తెలియని మొక్కలు తినే ప్రమాదముందని 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. పుస్తకంలో పేజీల కొద్దీ ఉన్న జాగ్రత్త అర నిమిషం ప్రకటనలో ఇమడలేదు.

తెలుగు పాఠకుడు గిబ్బన్స్ పుస్తకంలో తప్పక ఆగే చోటు ఒకటుంది. అమెరికన్లు తోటలో కలుపుగా పీకి పారేసే పర్‌స్లేన్‌ను అతను మెచ్చుకుని, దాన్ని భారతదేశం ప్రపంచానికిచ్చిన కానుకగా వర్ణించాడు. అది మన గంగవాయిలి కూర. కొన్నిచోట్ల పాయల కూర. పప్పులో వేసే ఆ పుల్లని ఆకుకు దక్కిన ఈ గౌరవం సంతోషం కలిగిస్తుంది కాని, ఇందులోనూ ఒక లోపముంది. కెనడాలోని ఒంటారియోలో క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టిలో ఈ మొక్క విత్తనాలూ పుప్పొడీ కొలంబస్‌కు ముందటి పొరల్లోనే దొరికాయని 1975లో పరిశోధకులు ప్రకటించారు. అంటే అక్కడి స్థానిక రైతుల చేల పక్కన అది అప్పటికే పెరుగుతోంది. కానుక ఇచ్చినవారిని వెతుకుతూ గిబ్బన్స్ సముద్రాలు దాటాడు. ఆ మొక్క మొలిచిన నేలమీదే దాన్ని ఎరిగినవారు ఉండి ఉంటారన్న ఆలోచన రాలేదు.

మన ఊళ్లలోనూ ఈ మరపు ఉన్నదే. జహీరాబాద్ ప్రాంతంలో చేలగట్ల మీద విత్తకుండా మొలిచే ఆకుకూరలను పేరుపేరునా గుర్తుపట్టే దళిత స్త్రీల జ్ఞానాన్ని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నమోదు చేసేదాకా, చదువుకున్నవారి దృష్టిలో అవి కలుపు మొక్కలే.

ఎరుక మనిషితో ప్రయాణిస్తుంది కాని, నేల మారితే అదే ఎరుక మోసం చేయగలదు. అమెరికా పెరళ్లలో గంగవాయిలి పక్కనే నేలబారుగా పాకే స్పర్జ్ అనే మొక్క ఉంటుంది. కాడ తుంచితే పాలు కారేది అదే, అది తినకూడదు. పుట్టగొడుగుల విషయంలో పొరపాటు ప్రాణాంతకం. ఐరోపా నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ డెత్ క్యాప్, లేత దశలో ఆసియా దేశాల వరిగడ్డి పుట్టగొడుగును పోలి ఉంటుంది. ఆ పోలికే కొందరు ఆసియా వలసదారులను ఆసుపత్రి పాలు చేసింది. దాని విషం ఉడికించినా పోదు. లక్షణాలు సాధారణంగా ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి. వాంతులు, విరేచనాలు కొంత తగ్గి రోగి కోలుకుంటున్నట్టు కనిపించే వేళ కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఆ నేలను ఎరిగిన మనిషి పక్కన ఉండటానికి ప్రత్యామ్నాయంగా ఏ పుస్తకమూ నిలవదనడానికి ఇంతకంటె కఠినమైన రుజువు అక్కరలేదు.

ఈ సాహిత్యంలో ఎరిగినవారు స్వయంగా మాట్లాడిన పుస్తకంగా రాబిన్ వాల్ కిమ్మరర్ ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’ (2013) ముఖ్యమైనది. ఆమె పొటావాటమీ జాతికి చెందిన వృక్షశాస్త్రవేత్త. మొదట కనిపించినదాన్ని కోయవద్దు, అడిగి తీసుకో, సగానికి మించి తీసుకోకు అనే నియమాలను ఆమె ఒక జీవన ధర్మంగా వివరిస్తుంది. 2024లో వచ్చిన ‘ది సర్వీస్‌బెర్రీ’లో ఆ ధర్మాన్ని కానుకల ఆర్థికశాస్త్రంగా విస్తరించింది. ఈ చిన్న పుస్తకం మనసును తాకుతుంది. కాని ఇందులో హక్కు కంటె కృతజ్ఞతకే బరువెక్కువ. కృతజ్ఞత ఒక్కటే ఏ పొదనూ కాపాడలేదని వాషింగ్టన్ రాష్ట్రపు చరిత్ర చెబుతుంది. అక్కడి యాకమా ప్రజలు 1855 ఒప్పందంలోనే దుంపలూ పండ్లూ ఏరుకునే హక్కును నిలుపుకున్నారు. ఆర్థికమాంద్యంలో పని లేని జనం వేలాదిగా హకల్‌బెర్రీ మైదానాలకు తరలిరావడంతో ఆ హక్కు ఆచరణలో కరిగిపోసాగింది. 1932లో వారి నాయకుడు విలియం యాలప్, అటవీ అధికారి బ్రుకార్ట్‌తో చేతిలో చేయి వేసి ఒప్పందం చేసుకున్నాక ఆ మైదానంలో ఒక భాగం యాకమాలకు ప్రత్యేకమైంది. నేటి గిఫర్డ్ పిన్‌షో జాతీయ అరణ్యంలో ఆ హద్దు ఇప్పటికీ ఉంది. థోరో చూసిన హద్దు పేదలను వెళ్లగొట్టింది; ఈ హద్దు ఎరిగినవారిని నిలబెట్టింది. రెంటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

ఇంటి పెరడు ఈ చరిత్రకు వెలుపలిదేమీ కాదు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్, బ్లూబెర్రీకి ఆమ్లగుణం గల మట్టి కావాలని తన పరిశోధనల్లో కనుగొని 1910లో ప్రచురించాడు. న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటల యజమాని కూతురు ఎలిజబెత్ వైట్ అది చదివి ఆయనతో చేతులు కలిపింది. అడవి పొదలన్నీ ఆమె ఒంటరిగా వెతకలేదు. పైన్ బారెన్స్ అడవుల్లో పండ్లు ఏరి బతికే మనుషులకు అంగుళంలో 5/8 వంతు రంధ్రమున్న కొలబద్దలు ఇచ్చి, పెద్ద కాయలు కాసే పొదలను చూపితే డబ్బు చెల్లించింది. ఆ పొదలకు వాటిని చూపినవారి పేర్లే పెట్టింది. రూబ్ లీక్ అనే వ్యక్తి చూపిన పొద ‘రూబెల్’ అయింది. 1916లో తొలి సాగు పంట బజారుకు వచ్చింది. నర్సరీల్లో రూబెల్ నేటికీ దొరుకుతుంది.

ఆ ఏరేవారికి దక్కినవి కొద్ది డాలర్లే. వారికంటె ముందు ఆ అడవిలో ఏరుకున్న లెనాపే ప్రజల పేరు ఏ పొదకూ లేదు. అయినా ఒక కూలిమనిషి ఎరుకను పేరుపెట్టి గుర్తించిన ఈ పని చాలా పుస్తకాలు చేయలేనిది. ఇప్పుడు అదే న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. టొమాటోకూ గోంగూరకూ సరిపడే మట్టిలో నాటిన బ్లూబెర్రీ ఆకులు పసుపుబారుతాయి. పి.హెచ్. 4.5–5.5 మధ్య ఉండేలా మట్టిని మార్చి, రెండు రకాలు పక్కపక్కన నాటితే కాపు బాగుంటుంది. ఆ జాగ్రత్తలు కోవిల్ నుంచి వచ్చినవి. ఆ తీపి ఎక్కడుందో చూపినది రూబ్ లీక్ వంటివారు. అడవితిండి గురించి రాసే తదుపరి పుస్తకం, తెలుగులో వచ్చినా సరే, ఆ రెండో పేరు దగ్గర మొదలుకావాలి.