పాతబస్తీ డిటెక్టివ్ ఏదీ?

డిటెక్టివ్ నవలలు చదివే ఆడవాళ్ళు మనలో బోలెడంతమంది వున్నారు. చదువుతామని ఒప్పుకునేవాళ్ళే తక్కువ. అద్దె లైబ్రరీలో సాంఘిక నవల పైన పెట్టి, డిటెక్టివ్ నవల కింద పెట్టి, పైట చాటున ఇంటికి తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కనుక ఈ నాలుగు మాటల్నీ పరాయి మనిషి విమర్శలా కాకుండా, ఇంట్లో మనిషి సణుగుడులా చదవండి.

నా సణుగుడు ఇదీ. మన డిటెక్టివ్ నవలల్లో హత్య జరిగితే చాలావరకు మద్రాసులో జరిగేది. ఫోను మోగేది. కారు దూసుకుపోయేది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంటు రాజు మద్రాసు వీధుల్లో తిరుగుతుంటే, ఆ ఊరు ఎన్నడూ చూడని ఆడపిల్లలకి కూడా అక్కడి రోడ్ల పేర్లు కంఠతా వచ్చేవి. మంచిదే. యుగంధర్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ చార్మినారుకి కూతవేటు దూరంలో, 1920 ప్రాంతాల హైదరాబాదులో నడిచే ఒక మంచి తెలుగు అపరాధ పరిశోధక నవల చెప్పమంటే నాకు ఒక్కటీ తట్టదు. మీకు తడితే సరే, పంచుకోండి. తట్టకపోతే, ఎందుకు తట్టడం లేదో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఒక కారణం తేలికే. పుస్తకాల వ్యాపారం చాలాకాలం మద్రాసులో వుంది, రాసేవాళ్ళూ అక్కడే వున్నారు. ఇంకో కారణం కొంచెం వెనక్కి వెళితే దొరుకుతుంది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మన అపరాధ పరిశోధకుడు బెంగాలు నుంచి దిగుమతి అయ్యాడు. పాంచకడి దే రాసిన బెంగాలీ నవలలు తెలుగులోకి వరసగా వచ్చాయి. ఆ బెంగాలీవాళ్ళకి ఒక కన్ను లండన్ మీద వుంటే, రెండో కన్ను కలకత్తా పోలీసుల మీద వుండేది. అక్కడి డిటెక్టివ్ శాఖలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1892 నుంచి తన అనుభవాలనే ‘దారోగార్ దప్తర్’ పేరుతో కథలుగా అచ్చువేశాడు. అంటే వాళ్ళ కథల వెనక వాళ్ళ ఊరి ఠాణా వుంది. మనం కథని తెచ్చుకున్నాం గాని, ఠాణాని వెతుక్కోలేదు.

ఠాణా మనకి లేక కాదు. హైదరాబాదు నగరానికి కొత్వాలు వుండేవాడు. కొత్వాలు అంటే ఒట్టి పోలీసు కమిషనర్ అనుకోకండి. మొగలాయీల నాటి సంప్రదాయం అది. అక్బరు కాలపు ‘ఐన్-ఇ-అక్బరీ’లో కొత్వాలు చేయవలసిన పనుల జాబితా చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఏ పేటలోకి ఎవరొచ్చారు, ఎవరు పోయారు, తూకం రాళ్ళు సరిగ్గా వున్నాయా, ఎవరి రాబడి ఎంత, ఖర్చు ఎంత, అన్నీ ఆయనకి తెలియాలి. అంత లెక్క ఈ కాలంలో ఇల్లాలికి తప్ప ఎవరికి తెలుస్తుంది!

ఆ కొత్వాలు గద్దె మీద 1920 నుంచి 1934 దాకా, పధ్నాలుగేళ్ళు, ఒక తెలుగువాడు కూర్చున్నాడు. ఆయన రాజా బహదూర్ వెంకట్రామరెడ్డి. వనపర్తి సంస్థానంలో 1869లో పుట్టి, అమీను ఉద్యోగంతో మొదలుపెట్టి, అంచెలంచెలుగా నిజాం రాజధానికే కొత్వాలు అయ్యాడు. నారాయణగూడలో ఆయన పేరుతో మహిళా కళాశాల వుంది. ఆ పేరు రోజూ నోట్లో నానే అమ్మాయిల్ని అడిగి చూశాను. దాత అన్నారు, జమీందారు అన్నారు. ఒక తెలివైన పిల్ల స్వాతంత్ర్య సమరయోధుడు అంది. దొంగల్ని పట్టుకున్న మనిషి అని ఒక్కరూ అనలేదు!

ఆయన జీవిత చరిత్రని సురవరం ప్రతాపరెడ్డి గారు రాశారు. 1939లో వచ్చింది. ‘గోలకొండ పత్రిక’ నడిపిన సురవరం వారు, వెంకట్రామరెడ్డి గారు పెంచి పోషించిన రెడ్డి హాస్టలుకి ఎంతో దగ్గరివారు. అందుకే అది అభిమానంతో రాసిన పుస్తకం. ఒక గొప్ప మనిషి ఎలా పైకొచ్చాడు, ఏం దానం చేశాడు, ఎవరిని చదివించాడు అన్నది దాని వస్తువు. జీవిత చరిత్ర పని అదే, తప్పు పట్టను. దాని పక్కన నిలబడవలసిన రెండో పుస్తకం, అంటే అదే కొత్వాలు కింద పాతబస్తీ సందుల్లో గస్తీ తిరిగిన ఒక మామూలు అమీను కథ, మన నవలాకారులు రాయాల్సింది. రాయలేదు. వస్తువు కోసం లండన్ పొగమంచులో వెతుక్కున్నారు.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, మన డిటెక్టివ్ మద్రాసులో కాపురం వున్నా, మాట్లాడే మాటల్లో సగం పాతబస్తీవే. ఒకసారి గమనించండి. ఫిర్యాదు, దర్యాప్తు, తనిఖీ, హాజరు, జప్తు, జామీను, ఖైదు, గస్తీ, వకీలు అన్నీ పారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ కచేరీల మీదుగా మన నోటికి వచ్చినవే. దొంగ మాత్రం అచ్చ తెలుగు. హత్య సంస్కృతం, సాక్షీ సంస్కృతమే. జైలు ఇంగ్లీషు. అంటే, తెలుగు దొంగ సంస్కృతంలో హత్య చేస్తే, ఉర్దూలో దర్యాప్తు జరిగి ఇంగ్లీషులో శిక్ష పడుతుందన్నమాట!

ఇందులో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం కావాలని వచ్చినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు అయిపోయాడు. దారిలో ఎక్కడో మొరపెట్టుకోవడానికి వచ్చిన మనిషి బోనులోకి ఎక్కేశాడు. భాషాశాస్త్రజ్ఞులు దీనికి కారణాలు చెబుతారు. ఆడవాళ్ళకి మాత్రం వేరే కారణం అక్కర్లేదు. అత్తింట్లో జరిగింది పుట్టింట్లో చెప్పుకున్న ఏ పిల్లకైనా ఈ మాట ప్రయాణం బాగా తెలుసు. నోరు విప్పిన మరుక్షణం, నువ్వేం చేశావో ముందది చెప్పు అంటారు కదూ?

అసలు విషయానికి ఇప్పుడొచ్చాను. మన డిటెక్టివ్ నవలల్లో స్త్రీకి కేటాయించిన ఉద్యోగాలు మూడే మూడు. మొదటిది శవం. రెండోది క్లబ్బు డాన్సరు. మూడోది కాఫీ ఇచ్చి, ఫోనెత్తి, చివర్లో కిడ్నాప్ అయ్యే సెక్రటరీ. నూటికి పది మినహాయింపులు వుంటే వుండొచ్చు, తగాదా పడను. మద్రాసు కథలో ఈ పద్ధతి నడిచిపోయింది. అదే కథని పాతబస్తీకి తీసుకొచ్చి చూడండి, రెండో పేజీలోనే డిటెక్టివు గుమ్మం దగ్గర ఇరుక్కుపోతాడు.

ఎందుకంటే అది ఘోషా వున్న ఊరు. పెద్ద దేవిడీ అంటే బయట మర్దానా, లోపల జనానా. నగలు వుండేది లోపల, వీలునామా దాచేది లోపల. పాలు కాచేదీ లోపలే, అందులో ఏదైనా కలిపేదీ లోపలే. మన యుగంధర్ సిగరెట్టు ముట్టించి బయటి హాల్లో పచార్లు చేయాలే తప్ప, పరదా దాటి అడుగు వెయ్యలేడు. దేవిడీలు నవాబులవే అనుకోకండి. షాలిబండ, గౌలిపుర వైపు హిందువుల ఇళ్ళల్లోనూ కోడలు వీధి వాకిట్లోకి రావడానికి సవాలక్ష ఆంక్షలు వుండేవి.

బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ఈ చిక్కుకి ఒక ఉపాయం రాసింది. ఘోషా స్త్రీ వున్న గదిని సోదా చెయ్యాలంటే, ముందు ఆమెకి చెప్పి, ఆమె పక్కకి తప్పుకోవడానికి వ్యవధి ఇచ్చి, ఆ తర్వాత లోపలికి వెళ్ళాలి. మర్యాద అయిన పద్ధతే. కానీ నవలా రచయిత్రిగా ఆలోచిస్తే, ఆమె తప్పుకునేటప్పుడు ముసుగులో ఏం తీసుకుపోయింది? అంతకంటే ముఖ్యం, ఆమె చెప్పదలచుకున్నది ఏమైనా వుందేమో, అది ఎవరు విన్నారు? సోదాకి పద్ధతి వుంది గాని, లోపలి మనిషి మాట వినడానికి పద్ధతి ఏదీ?

అందుకే పాతబస్తీ డిటెక్టివ్ ‘ఏడీ’ అని అడగలేదు, ‘ఏదీ’ అన్నాను. ఆ ఊరి డిటెక్టివ్ ఆడదే అయివుండాలి. మరో దారి లేదు.

అలాంటి మనిషి ఎవరు? నాకైతే లాడ్ బజార్‌లో గాజులమ్మే మనిషి కనిపిస్తుంది. లక్క గాజుల మూట నెత్తిన పెట్టుకుని ఏ జనానాలోకైనా వెళ్ళగలదు. ప్రతి ఆడదాని చెయ్యీ తన చేతుల్లోకి తీసుకుంటుంది. పోయిన పండక్కి బిగుతైన గాజు ఈ పండక్కి వదులెందుకైందో ఆమెకి తెలుసు. మణికట్టు మీద కమిలిన మచ్చ పడి జారితే వచ్చిందో, పట్టుకుంటే వచ్చిందో ఆమెకి తెలుసు. ఇకనుంచి గాజులు వద్దన్న మాట ఎవరి నోటినుంచి ఎప్పుడొచ్చిందో తెలుసు. భూతద్దం అక్కర్లేదు, ఓవర్‌కోటు అసలే అక్కర్లేదు.

చేతుల సంగతి వచ్చింది కనుక ఒక నిజం కేసు చెబుతాను. వేలిముద్రల శాస్త్రానికి పుట్టిల్లు లండన్ అనుకుంటాం. కలకత్తాలో 1897లోనే వేలిముద్రల కార్యాలయం పెట్టారు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ సబ్ ఇన్‌స్పెక్టర్ల కష్టం అందులో వుంది. స్కాట్లండ్ యార్డు ఆ పద్ధతిని అందుకున్నది 1901లో. ఆ తొలిరోజుల్లో, జల్పాయ్‌గుడి ప్రాంతంలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య కేసులో, పంచాంగం అట్ట మీద పడిన వేలిముద్రతో పాత నౌకరుని పట్టుకున్నారు. కోర్టు 1898లో అతనికి దొంగతనానికి శిక్ష వేసింది, హత్యానేరం మాత్రం కొట్టేసింది. ముద్ర ఆ చెయ్యి అక్కడికి వచ్చిందని చెబుతుంది గాని, ఏం చేసిందో చెప్పదు అన్నది కోర్టు తర్కం. నిజమే కదా! మిగతాది ఇంట్లోవాళ్ళు చెప్పాలి. మన నవలలు ఇంట్లోవాళ్ళని అడగవు.

వస్తువు కరువా అంటే, పాతబస్తీ చరిత్ర బంగారు పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడు, మా కోడలు వరదలో పోయిందని ఒక ఇంట్లో చెప్పారనుకోండి. నిజంగా వరదలోనే పోయిందా అని అడిగే మనిషి వుంటే చాలు, నవల మొదలవుతుంది. ఇక మహబూబ్ అలీ పాషా రాత్రిళ్ళు మారువేషంలో బస్తీలు తిరిగేవాడని పాతబస్తీలో కథలు కథలుగా చెప్పుకుంటారు. విక్రమార్కుడి కథలు విని పెరిగిన మనకి మారువేషం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇది సాధ్యం కాని పని కూడా కాదు. బొంబాయికి ఒకరు చేసి చూపించారు. సుజాతా మాసీ 2018లో ఇంగ్లీషులో రాసిన ‘ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ 1921 నాటి బొంబాయిలో నడుస్తుంది. ముగ్గురు ఘోషా వితంతువుల ఆస్తి చిక్కు విప్పడానికి పర్వీన్ మిస్త్రీ అనే పార్శీ లాయరు పరదా వెనక్కి వెళుతుంది. ఈ పాత్రకి ప్రేరణ నిజం మనిషే. 1904 నుంచి బెంగాలు ప్రాంతంలో ఘోషా స్త్రీల ఆస్తులకి సర్కారు తరఫున న్యాయ సలహాదారుగా పనిచేసిన కొర్నేలియా సొరాబ్జీ. ఆ నవలలో నాకు నచ్చింది హంతకుడెవరన్నది కాదు. పర్వీన్ ఆ ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి, తొందరపడకుండా వినడం. పర్వీన్ పక్కన మన గాజుల మనిషి ఏమీ తీసిపోదని నా నమ్మకం. చదువు తక్కువైతేనేం, చనువు ఎక్కువ.

కాలక్షేపం పుస్తకాలకి ఇంత రామాయణం ఎందుకమ్మా అనేవాళ్ళు వుంటారు. కాలక్షేపం పుస్తకమే మనకి అనుమానించడం నేర్పుతుంది. ఎవర్ని అనుమానించాలో, ఎక్కడ వెతకాలో తెలియకుండానే బుర్రలో నాటుతుంది. హత్య అంటే బయట, హోటలు గదిలో, కారు డిక్కీలో జరిగేది అని తరాలపాటు చదివాం. ఆ తరాల్లోనే పక్కింట్లో స్టవ్వు పేలి పిల్ల పోయిందంటే అయ్యో పాపం అనుకుని తలుపేసుకున్నాం. చట్టం మనకంటే ముందు మేలుకుంది. 1983లో వచ్చిన సవరణ, పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడది ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపరీక్షకి పంపాలంది. 1986లో వరకట్న మరణం వేరే నేరంగా చట్టంలోకి ఎక్కింది. వంటింటిని కూడా సోదా చెయ్యాలని చట్టం ఒప్పుకున్నాక కూడా, మన డిటెక్టివులు హోటలు గదుల్లోనే తిరిగారు.

అందుకని రాయగలిగిన అమ్మాయిలకి నాదో మాట. కొత్వాలు వెంకట్రామరెడ్డి కాలాన్ని పట్టుకోండి. సురవరం వారి పుస్తకం చదవండి. లాడ్ బజార్‌కి వెళ్ళి గాజులు తొడిగించుకుంటూ ఆ మనిషి మీ మణికట్టుని ఎలా చూస్తుందో గమనించండి. తర్వాత ఆమె చేత దర్యాప్తు చేయించండి. చివరి అధ్యాయంలో హంతకుడు దొరికినా దొరక్కపోయినా నేను క్షమిస్తాను. లోపలి గదిలో మనిషి చెప్పింది ఒక్కరైనా పూర్తిగా విన్నారా అన్నదే చూస్తాను.

ఆ నవల వచ్చిన రోజున అద్దెకి తెచ్చుకోను. డబ్బు పెట్టి కొనుక్కుంటాను. సాంఘిక నవల కింద దాచను కూడా.