బోర్డు రాసే చెయ్యి

బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికిన ఎం.ఎఫ్. హుసేన్ పేరిట 2025లో దోహాలో మ్యూజియమే వెలిసింది. ఆ వీధి విద్యే మన అనకాపల్లి బోర్డు ఆర్టిస్టులదీ.

సుద్దపొడి పూసిన దారం లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. దాని ఆసరాతో అక్షరాలు కొలుచుకోవాలి. పైన గుడికి, కింద ఒత్తుకు చోటు ముందే లెక్కగట్టాలి. తెలుగు అక్షరమంతా ఒంపులే. ఎనామెల్ రంగులో ముంచిన కుంచె ఒక్క ఊపులో వణక్కుండా తిరగాలి. రంగు ఆరాక పక్కన నీడ దిద్దితే అక్షరం గోడ మీంచి లేచి నిలబడుతుంది. ఇది ఏళ్ల సాధన.

ఫ్లెక్సీ ఎండకు వెలిసి, గాలికి చిరుగుతుంది. చేత్తో రాసిన బోర్డు ఏళ్ల తరబడి నిలుస్తుంది. బెల్లం మార్కెట్ వర్తకులారా, మీ తర్వాతి బోర్డు ఈ చేతులతో రాయించండి.