బాప్తిస్మము పొందినవారు, శిష్యులైనవారు: క్లౌ దొర గ్రంథముపై ఒక పరిశీలన

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన ప్రాంత సంఘములలో ఎరుగనివారు అరుదు. సంఘ వార్షికోత్సవములలో ఆ సంఖ్యను సంతోషముతో చెప్పుకొంటాము. అయితే ఆ జనసమూహము శిష్యసమూహముగా ఎట్లు ఎదిగినది అని అడుగుట తక్కువ. నామకార్థ విశ్వాసము నేడు గుంటూరు, ప్రకాశం పల్లెలలో ప్రతి కాపరికి ఎదురయ్యే సమస్య. కనుక జాన్ ఎవరెట్ క్లౌ గ్రంథమైన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ ఈ ప్రశ్నకు ఏ మేరకు జవాబిస్తున్నదో ఇక్కడ పరిశీలించదలచాము.

క్లౌ 1910లో మరణించారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాసిన ఈ గ్రంథము 1914లో వెలువడినది. ఇందులో మాదిగపల్లె మాట కూడ దొర నోటి నుండియే మనకు వినబడుతున్నది. ఆ పరిమితిని గుర్తించియే దీనిని చదవాలి.

గ్రంథములో అతి విలువైనది నూతన విశ్వాసులకు పెట్టిన మూడు నియమముల వివరణ. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. పైకి ఇవి ప్రాథమిక నియమములే. కాని ఊరి కట్టుబాటులో వీటి వెల ఎంతో చూడండి. మాదిగ కుటుంబము రైతుకు చెప్పులు, తోలు సామగ్రి చేసిపెట్టి, పిలిచినప్పుడు పనికి వెళ్లి, గింజలు పుచ్చుకొని బ్రతికేది. ఆదివారము పనికి రానన్నవాడు రైతు ఆగ్రహమునకు గురయ్యేవాడు. జాతరలో డప్పు కొట్టనన్నవాడు ఊరంతటికి విరోధి అయ్యేవాడు. చచ్చిన పశువు మాంసము మానినవాడు ఆకలి దినములలో ఒక ఆధారమును వదులుకొనేవాడు. అంటే బాప్తిస్మమునకును శిష్యత్వమునకును మధ్య ఎడము ఉండేది కాదు. సిలువ నెత్తుకొనుట (లూకా 9:23) మొదటి వారముననే ఆరంభమయ్యేది.

వీరు కరువులో అన్నము కొరకు వచ్చినవారే అను విమర్శ ఒకటున్నది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పని ఒప్పుకొని వేలమందికి కూలి చూపారు. బోధకులే ఆ పనిని పర్యవేక్షించారు. అయితే ఆ కాలమున సుమారు 15 నెలలు ఆయన బాప్తిస్మములు నిలిపివేశారు. ఈ జాగ్రత్త మెచ్చదగినది. కాని ఇంతటితో విమర్శ తీరిపోయినదని గ్రంథము భావించుట సరికాదని మా అభిప్రాయము. ఆకలిలో ఆదుకొన్న చేతిని ఎవరు మరచిపోతారు? ఉద్దేశములు కలగలసియే యుండవచ్చును. జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక ఉద్యమముల అధ్యయనము ఇక్కడ సహాయపడుతున్నది. ఏ ఉద్దేశముతో వచ్చారనుదానికంటె, వచ్చిన తరువాత ఎట్టి బోధ, కాపుదల దొరికినవి అనునదే విశ్వాసుల ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయిస్తుందని ఆయన తేల్చారు.

ఈ కొలతతో చూస్తే గ్రంథములోని రెండు లోపములు బయటపడతాయి. మొదటిది, రామాపట్నము వేదాంత పాఠశాల 1872లోనే ఆరంభమైనను, వేలకొలది పల్లె విశ్వాసులకు బోధకులు చాలలేదు. ఆ కొరత పర్యవసానములను గ్రంథము తగినంత లోతుగా విచారించలేదు. రెండవది కులము. సువార్త బంధుత్వపు దారిలో నడిచినది గనుక త్వరగా వ్యాపించినది. ఆ దారిలోనే కులపు గోడయు సంఘములోనికి వచ్చినది. బాప్టిస్టు సంఘములలో మాదిగలు, లూథరన్ సంఘములలో మాలలు అధికముగా ఉండుట నేటికిని మనమెరిగినదే. మూడు నియమములు ఊరితో తెగతెంపులు నేర్పినవి గాని, ప్రక్క పల్లెతో ఒకే బల్ల యొద్ద కూర్చుండుట నేర్పలేదు.

డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1955లో, జనమును శిష్యులుగా చేయుట మొదటి మెట్టు, సంపూర్ణులుగా చేయుట తరువాతి మెట్టు అని విభజించారు. మత్తయి 28:19-20 గ్రీకు మూలములో ప్రధానక్రియ శిష్యులనుగా చేయుట ఒక్కటే. బాప్తిస్మమిచ్చుట, బోధించుట దానికి లోబడిన అసమాపక క్రియలు. కాబట్టి బోధను తరువాతకు వాయిదా వేయుటకు ఈ వాక్యములో ఆధారము కనబడదు. వాయిదా వేసినచోటనే నామకార్థ క్రైస్తవ్యము పుడుతుంది.

నేడు ఆ మూడు నియమములు పాటించుటకు చాలచోట్ల వెల లేదు. వెల మరొక చోటికి మారినది. మిరప కోతలకు కుటుంబములు వారాల తరబడి ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసుకొని ఉంటాయి. వారిని హాజరుపట్టీలో ‘రానివారు’ అని వ్రాయుట సులభము. చేను గట్టుకు వెళ్లి వాక్యము చెప్పుట కాపరత్వము. విశ్వాసియైన మేస్త్రీ పత్తి తీసే స్త్రీల కూలిలో కోత పెడుతున్నాడా? సంఘపెద్ద కుమారునికి కట్నము అడుగుతున్నాడా? ఓటుకు నోటు పుచ్చుకొంటున్నాడా? వేరొక కులపు విశ్వాసి ఇంట భోజనము చేస్తాడా? బాప్తిస్మపు సిద్ధపాటు తరగతిలో ఈ ప్రశ్నలు ఉండాలని మా ప్రతిపాదన.

వెల్లంపల్లి సంఖ్యను చెప్పుకొనుట తప్పు కాదు. దానితోపాటు ఆ మూడు నియమములకు మన పితరులు చెల్లించిన వెలను కూడ చెప్పుదము. అట్టి వెల మన సంఘములో నేడు ఎవరు, ఎక్కడ చెల్లిస్తున్నారో ప్రతి కాపరి వెదకి చూచునుగాక.