కాదనగలిగిన కనెక్షనే కనెక్షన్

ఫ్యాక్టరీ యంత్రాలు తమలో తాము మాట్లాడుకునే ప్రోటోకాల్‌లలో ఓపీసీ యూఏ పేరున్నది. భద్రతా ఏర్పాట్లు అందులో మొదటినుంచీ ఉన్నాయి. అంతమాత్రాన అది వాడే యంత్రాలన్నీ భద్రమేనా? జర్మనీలోని ఆకెన్‌లో, ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయంలో క్లౌస్ వేర్లే బృందం ఈ ప్రశ్న పట్టుకుని ఐపీవీ4 చిరునామాలన్నిటినీ గాలించింది. 2020లో మార్కుస్ డాల్‌మన్స్, మార్టిన్ హెంజె తదితరులు ఫలితం ప్రకటించారు. బయటికి కనబడ్డ వ్యవస్థల్లో 92 శాతానికి ఏదో ఒక అమరిక లోపం. 24 శాతంలో భద్రతనే ఆపేశారు. వందలాది పరికరాలకు ఒకటే సర్టిఫికెట్! ఆ పరిశోధకులది ఎంత ఓపిక, ఎంత నిశితమైన చూపు!

వస్తువులను ఇలా నెట్‌కు కలిపే పద్ధతికి 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అని 1999లో కెవిన్ ఆష్టన్ పేరు పెట్టాడంటారు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ వచ్చి కెమెరాలను, రూటర్లను మూకుమ్మడిగా లొంగదీసింది. చరిత్ర అటుంచి అసలు విద్య దగ్గరికొద్దాం.

ఇలాంటి చిన్న పరికరాల్లో వాడే ఈఎస్‌పీ32 చిప్‌కు రాసిన ప్రోగ్రామ్ ఒకటి తెరవండి. 'కనెక్టెడ్' అని అడిగితే అవునంటుంది. అవతల ఎవరో ఉన్నారనే దానర్థం. ఎవరున్నారో అది చెప్పదు. చేయితిరిగినవాడు ముందు 'సెట్‌ఇన్‌సెక్యూర్' అనే పిలుపు కోసం వెతుకుతాడు. అది ఉంటే సమాచారం గుప్తంగానే వెళుతుంది, కానీ అందుకునేవాడు దొరైనా దొంగైనా పరికరానికి ఒకటే. దాని స్థానంలో 'సెట్‌సీఏసర్ట్'తో మూల సర్టిఫికెట్ ఇచ్చారా? సర్వర్ పేరు సర్టిఫికెట్‌లోని పేరుతో సరిపోల్చుతున్నారా? గడువు తేదీలు చూసే ఏర్పాటు లైబ్రరీలో ఆన్ చేశారా? చేస్తే నెట్ నుంచి సమయం ముందే తెచ్చుకోవాలి, ఎందుకంటే కరెంటు పోయి వచ్చిన చిప్ తాను 1970లో ఉన్నాననుకుంటుంది.

చదవడం సగం పని. తప్పుడు సర్టిఫికెట్‌తో సొంత ఎంక్యూటీటీ బ్రోకర్‌ను, అంటే పరికరాల సందేశాలు అందుకుని చేరవేసే సర్వర్‌ను, 8883 పోర్టులో నిలబెట్టి, పరికరాన్ని దానివైపు మళ్లించాలి. పరికరం తిరస్కరించాలి. తిరస్కరించి, గుప్తత లేని 1883 పోర్టుకు జారుకోకూడదు. ఈ పరీక్ష నెగ్గిన కోడ్ చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆకెన్‌వాళ్ల చూపు ఇంకా లోతుకు పోతుంది. చిన్న పరికరాలు వాడే 802.15.4 రేడియోలో ఒక ఫ్రేమ్ 127 బైట్లే కాబట్టి పెద్ద ప్యాకెట్‌ను ముక్కలుగా పంపాలి. ఒక్క దొంగ ముక్క వస్తే చాలు, మిగతావాటి కోసం చిన్న పరికరం తన కాస్త మెమరీనీ అట్టేపెట్టుకుని కూర్చుంటుందని, అసలు ప్యాకెట్‌కు చోటుండదని రెనే హుమ్మెన్ బృందం 2013లో చూపించింది. ఈ పనిలో ఆకెన్ సంప్రదాయానికే నా ఓటు.

ఇంత విద్య ఉండీ లోకం తీరు చూడండి. వేర్లే బృందమే 2022లో పది పారిశ్రామిక ప్రోటోకాల్‌లు పరిశీలిస్తే సమాచారాన్ని గుప్తపరిచే టీఎల్‌ఎస్ వాడేవి 6.5 శాతం; వాడినవాటిలోనూ 42 శాతానికి లోపాలు. 2023లో, సాఫ్ట్‌వేర్‌ను మూటగట్టి పంచుకునే కంటైనర్ ఇమేజ్‌లు వెతికితే 52,107 రహస్య తాళంచెవులు బయటపడ్డాయి. ఆ బయటపడ్డ చెవులనే నమ్ముకుని 2,75,269 సర్వర్లు నడుస్తున్నట్టు అప్పుడు తేలింది!

ఇలాంటి లోపాలకు ఒక మూలం కాపీ కోడ్. ఎర్రర్ రాగానే తనిఖీ తీసేసే 'సెట్‌ఇన్‌సెక్యూర్' అనే ఆ ఒక్క వాక్యం అతికించి, 'పనిచేస్తోంది' అని సరుకు అమ్మేస్తారు. ఇది పని కాదు, మోసం. బోరు మోటారును ఫోన్‌తో ఆన్ చేసే పెట్టెలు మన పొలాల్లోకి వచ్చాయి. వాటి సర్వర్ ఎవరిదో రైతు ఎలా సరిచూడగలడు? ఆ బాధ్యత పూర్తిగా కోడ్ రాసినవాడిదే.

హైదరాబాద్‌లో, విశాఖలో పరికరాలు తయారుచేసే కుర్రాళ్లను, ఆకెన్‌లో చదువుకుంటున్న మన పిల్లలను నేను కోరేది ఒక్కటే. ఆ పరిశోధనా పత్రాలు చదవండి. తప్పుడు సర్టిఫికెట్‌ను కాదనే పరీక్ష నెగ్గనిదే ఏ పరికరాన్నీ పెట్టెలో పెట్టి పంపకండి. యజమాని తొందరపెట్టినా సరే, సంతకం చేయకండి.