కంటికి కనిపించని మెథడ్‌లు: గుణదోష పరిశీలన

ప్రోగ్రామ్ నడుస్తుండగానే కొత్త మెథడ్‌లను నిర్వచించుకునే వీలు రూబీ భాషలో ఉంది. సెర్చ్ ఇండెక్సింగ్‌లో ఈ వీలును ఎంతవరకు వాడుకోవచ్చో పరిశీలిద్దాం.

ఒక గ్రంథాలయ అప్లికేషన్‌ను ఊహించుకోండి. ప్రతి పుస్తకం శీర్షికా తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. రైల్స్‌లో వాడే సన్‌స్పాట్ అనే జెమ్, మోడల్‌లోని విలువలను సోలర్ సెర్చ్ ఇంజన్‌కు పంపుతుంది. మీరు ఫీల్డ్ పేరు మాత్రమే చెబితే, అదే పేరున్న మెథడ్‌ను ప్రతి రికార్డుపైనా పిలుస్తుంది. అంటే భాషకొక మెథడ్ కావాలి. విడివిడిగా రాసే బదులు, భాషల జాబితాపై లూప్ నడిపి 'డిఫైన్ మెథడ్'తో అన్నింటినీ ఒకేచోట పుట్టించవచ్చు. రాత తగ్గుతుంది, ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్లే. ఇది గుణం.

ఇక దోషాలు. మెథడ్ పేరుతో ఫైలులో వెతికితే నిర్వచనం దొరకదు. ఇది చిన్న ఇబ్బందే. అసలు చిక్కు ఆ జాబితా ఎక్కడిదన్న ప్రశ్నలో ఉంది. మోడల్ లోడైనప్పుడు జాబితాను డేటాబేస్ నుంచి చదివారనుకోండి. తర్వాత ఎవరో ఉర్దూను చేర్చారు. నడుస్తున్న సర్వర్‌కు ఆ సంగతి తెలియదు. ఎర్రర్ రాదు, ఉర్దూ శీర్షిక ఇండెక్స్‌లోకీ వెళ్లదు. సర్వర్‌ను మళ్లీ ప్రారంభించినా, రీఇండెక్స్ చేసేదాకా పాత పుస్తకాలు ఆ శీర్షికతో దొరకవు. పుస్తకం అలమరలోనే ఉంటుంది, పాఠకుడు లేదనుకుని వెళ్లిపోతాడు.

కొందరు 'మెథడ్ మిస్సింగ్'ను ఆశ్రయిస్తారు. దానికి తోడుగా 'రెస్పాండ్ టు మిస్సింగ్'ను రాయకపోతే ఆ ఆబ్జెక్ట్ పిలిస్తే పలుకుతుంది గాని, పలుకుతావా అని అడిగితే పలకనంటుంది. రైల్స్ కూడా 2013లో వచ్చిన 4.0 వెర్షన్‌లో, ఈ తరహా డైనమిక్ ఫైండర్లలో చాలావాటిని వాడవద్దని హెచ్చరించింది.

మరో మార్గమూ ఉంది. సన్‌స్పాట్‌లో ఫీల్డ్ పేరు పక్కనే బ్లాక్ రాసి విలువ ఇవ్వవచ్చు. అప్పుడు ఇండెక్స్ కోసం మోడల్‌లో కొత్త మెథడ్‌లు పుట్టించనక్కరలేదు. అయితే జాబితా డేటాబేస్‌లోనే ఉంటే పై చిక్కు ఇక్కడా తప్పదని మరవకండి.

కాబట్టి నిర్ణయం ఇది: జాబితా కోడ్‌లోనే స్థిరంగా ఉండి, ఆ మెథడ్‌లు ఇతర చోట్ల కూడా అవసరమైతే 'డిఫైన్ మెథడ్' ఉచితం. ఇండెక్స్ కోసమే అయితే బ్లాక్ చాలు. తగ్గిన పంక్తులను లెక్కపెట్టే ముందు, తప్పు జరిగితే అది మీకు తెలుస్తుందా అని ప్రశ్నించుకోండి.