పాటకీ పాటకీ మధ్య

ఆర్కెస్ట్రా కచేరీలో ఒక పాట అయిపోయాక రెండోది అందుకునేలోపు కాస్త ఖాళీ వస్తుంది. గాయకుడు గుక్కెడు నీళ్లు తాగాలి, గిటారు తీగ బిగించుకోవాలి, మైకు సర్దాలి. జనం లేచి బయటికి నడిచేది సరిగ్గా అప్పుడే. వాళ్లను కుర్చీల్లోంచి కదలనివ్వకుండా ఉంచడానికి ఒక మనిషిని వేదికెక్కించేవారు. స్టాండప్ అనే పేరు మన నోళ్లలో పడకముందే ఆ విద్య మన దగ్గర అలా పెరిగింది. ఆ ఖాళీలోంచి సినిమాకి నడిచొచ్చిన వాళ్లలో జానీ లీవర్‌కే నేను పెద్దపీట వేస్తాను.

అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957లో కనిగిరిలో పుట్టిన తెలుగువాడు. పెరిగింది బొంబాయి ధారావిలో. ఇల్లు గడవక ఏడో తరగతితో చదువు ఆపేసి వీధుల్లో పెన్నులమ్మాడు. ఊరికే అమ్మలేదు. సినిమా హీరోల గొంతులు పలికిస్తూ, వాళ్ల పాటలకు చిందులేస్తూ అమ్మాడు. ఆయన కళకి పునాది అక్కడే పడిందని నా నమ్మకం. హాల్లో కూర్చున్నవాడు టిక్కెట్టు కొన్నాడు కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పడతాడు. దారిన పోయేవాడికి ఆగాల్సిన పనే లేదు. మొదటి మాటలోనే హీరో వినబడాలి, రెండో మాటకి నవ్వు రావాలి, మూడో మాటకి చెయ్యి జేబులోకి పోవాలి. జానీ లీవర్ ఏ సినిమాలోనైనా ఉపోద్ఘాతం లేకుండా నేరుగా పాత్రలోకి దూకేస్తాడు, గమనించండి.

తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలోనే కూలి పనికి కుదిరాడు. బరువైన డ్రమ్ములు మొయ్యడం పని. ఒకసారి కంపెనీ వేడుకలో పైఅధికారులను ఒక్కొక్కరినే అనుకరించి చూపిస్తే, తోటి కార్మికులు మురిసిపోయి జానీ లీవర్ అని పేరు పెట్టేశారు. హీరో గొంతు కాస్త అటూ ఇటూ అయినా జనం సర్దుకుంటారు. రోజూ తిట్టే సూపర్‌వైజరు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఆయన దగ్గే తీరు కూడా వాళ్లకి కంఠతా వచ్చు.

అందుకే మిమిక్రీలో గొంతు పోలిక సగం పనే. ఆ మనిషి ఊపిరి ఎక్కడ పీలుస్తాడు, మాట చివర సాగదీస్తాడా తుంచేస్తాడా, కోపమొస్తే ముందు కదిలేది కనుబొమ్మా, చెయ్యా? ఇవన్నీ చూసుకుని, వాటిలో ఒకటో రెండో లక్షణాలు పట్టుకుని కొంచెం పెంచాలి. మిగతావి వదిలెయ్యాలి. అన్నీ చూపించబోతే ఎవరూ కనబడరు. ఇంకో కిటుకు, గొంతు కంటే ముందు నిలబడే తీరు మారాలి. మెడ వాలగానే జనం మనిషిని పోల్చేస్తారు, గొంతు వచ్చేసరికి నవ్వు సిద్ధంగా ఉంటుంది. మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ ఈ విద్యకి గౌరవం తెచ్చి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. కోదాడ నుంచి వచ్చిన వేణుమాధవ్ కూడా మిమిక్రీ వేదికల మీంచే సినిమాల్లోకి వచ్చాడు.

సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ బృందంతో ప్రదర్శనలు పెరిగి జానీ 1981లో ఉద్యోగం మానేశాడు. మరుసటి ఏడే సునీల్ దత్ 'దర్ద్ కా రిష్తా'లో వేషమిచ్చారు. కానీ వేదిక మీది ఊతం షూటింగులో ఉండదు. హాల్లో నవ్వు లేస్తుంది, అది తగ్గుముఖం పట్టేదాకా ఆగి తర్వాతి మాట వదలాలి. కెమెరా ముందు అంతా నిశ్శబ్దం, నవ్వొచ్చినా యూనిట్ నోరు మూసుకోవాలి. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో నటుడే ఊహించి, అంత చోటు విడిచి మాట్లాడాలి. ఏళ్ల తరబడి జనం ముందు నిలబడ్డవాడికే ఆ లెక్క ఒంట్లోకి దిగుతుంది.

1993 నాటి 'బాజీగర్' హత్యల కథ. మతిమరుపు పనివాడు బాబూలాల్‌గా ఆయన అందులో చేసింది ఆర్కెస్ట్రా రోజుల పనే: రెండు బరువైన ఘట్టాల మధ్య వచ్చి జనాన్ని పట్టి ఉంచడం. తన డైలాగులు చాలావరకు అక్కడికక్కడ అల్లుకున్నవేనని ఆయనే చెప్పారు. ఆ కాలపు హిందీ సినిమాలు కామెడీ ట్రాకుని కథకి పక్కన అతికించేవి. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. ఎవరూ రాసి ఇవ్వని చోట నిలబడి నవ్వు పుట్టించడం తక్కువ పనేమీ కాదు.

ఆయన ముఖం సాగదీసే తీరు, అరుపుల గురించే అందరూ మాట్లాడతారు. చాలామంది దర్శకులూ ఆ అరుపుల్నే వాడుకున్నారు, అది నాకు బాధ. మన 'శుభలగ్నం' హిందీలో 'జుదాయి' అయినప్పుడు, ఉపాసనా సింగ్ పాత్రకి 'అబ్బా డబ్బా జబ్బా' తప్ప మాట లేదు. ఆమెతో ప్రేమలో పడ్డ హీరాలాల్‌గా జానీ ఆ మూడు ముక్కల్లో ప్రతిసారీ కొత్త అర్థం వింటున్నట్టు స్పందిస్తాడు. అవతలివాళ్ల మాట వినడంలోనే సన్నివేశం నిలబడింది. 'దీవానా మస్తానా', 'దుల్హే రాజా'లకి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ హాస్యనటుడి బహుమతులొచ్చాయి. నన్నడిగితే ఈ హీరాలాల్‌కీ ఒకటి ఇవ్వాల్సింది.

కూతురు జేమీ కూడా మైకు పట్టుకునే మొదలుపెట్టింది, ఆశా భోస్లే గొంతుతో పేరు తెచ్చుకుంది. 2024లో 'ఆ ఒక్కటీ అడక్కు'తో తెలుగు తెర మీదికీ వచ్చింది.