దొరికిన హంతకుడు, తేలని నేరం

అపరాధ పరిశోధన కథకూ, దాన్ని చదివేవారికీ చూసేవారికీ మధ్య రాయని ఒప్పందం ఒకటి ఉంటుంది. మొదట ఒక శవం కనిపిస్తుంది, తర్వాత అనుమానితులు ఒక్కొక్కరే వచ్చి తమకు తెలిసినదీ దాచదలచినదీ కలగలిపి చెబుతారు, పరిశోధకుడు ఆ మాటల్లో పొసగనివాటిని ఏరి చివరికి ఒకే ఒక్క పేరు ప్రకటిస్తాడు, దాంతో గాడి తప్పిన లోకం మళ్లీ గాడిన పడుతుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వెంట తిరిగిన తెలుగు పాఠకులకు ఈ ఒప్పందం కొత్తది కాదు. అయితే హత్య జరగకముందే ఆ లోకం గాడి తప్పి ఉన్నప్పుడు, పరిశోధకుడు తిరిగి నెలకొల్పవలసిన క్రమమే మనుషులను రంగును బట్టి వేరుచేసే క్రమమైనప్పుడు, ఈ ఒప్పందం ఏమవుతుంది? 1984లో వచ్చిన ‘ఎ సోల్జర్స్ స్టోరీ’ అనే అమెరికన్ చిత్రం ఈ ప్రశ్నను వేసినంత పదునుగా వేసిన చిత్రాలు ఆ దేశంలోనూ ఎక్కువ లేవు.

నార్మన్ జ్యూయిసన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి మూలం చార్లెస్ ఫుల్లర్ రాసిన ‘ఎ సోల్జర్స్ ప్లే’. నల్లజాతి నటులకూ రచయితలకూ ఒక వేదిక ఉండాలని న్యూయార్క్‌లో ఏర్పడిన నీగ్రో ఎన్‌సెంబుల్ కంపెనీ 1981లో ఈ నాటకాన్ని తొలిసారి ప్రదర్శించింది, మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఫుల్లర్ 1959 నుంచి 1962 వరకు సైన్యంలో పనిచేసినవాడు కాబట్టి బ్యారక్, అంటే సైనికులు వరుస మంచాలపై కలిసి బతికే ఆ పొడవాటి గది, ఏమిటో అతనికి పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం లేకపోయింది. కెనడాలో పుట్టిన జ్యూయిసన్‌కు సైతం ఈ ఇతివృత్తం పరాయిది కాదు. అమెరికా దక్షిణాది పట్టణంలో ఒక నల్ల పోలీసు అధికారి హత్యారహస్యాన్ని ఛేదించే ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ చిత్రాన్ని 1967లో తీసినది ఆయనే, ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్నదీ అదే. కానీ ఈ రెండింటి మధ్య ఒక తేడా గమనించదగినది. మొదటి చిత్రంలో చనిపోయినవాడు తెల్లజాతి పారిశ్రామికవేత్త గనుక హంతకుణ్ణి పట్టుకోవాలన్న తొందర ఊరంతటికీ ఉంటుంది. రెండో చిత్రంలో చనిపోయినవాడు నల్ల సార్జెంట్, అతని చావు గురించి నిజం తేలాలన్న కోరిక శిబిరాన్ని నడిపే తెల్ల అధికారుల్లో దాదాపు ఎవరికీ లేదు. పరిశోధనకు ఎదురయ్యే మొదటి అడ్డంకి హంతకుడి తెలివి కాదు, అధికారుల నిరాసక్తత.

కథాకాలం 1944, స్థలం లూయిజియానా రాష్ట్రంలోని ఫోర్ట్ నీల్ అనే కల్పిత సైనిక శిబిరం. అప్పటి అమెరికా సైన్యం వర్ణవేర్పాటు మీద, అంటే నల్లవారిని వేరే దళాల్లో, వేరే బ్యారకుల్లో ఉంచి, ఎక్కువగా తెల్ల అధికారుల కింద నడిపే పద్ధతి మీద, నిలబడి ఉండేది. అప్పుడు సాగుతున్న రెండో ప్రపంచయుద్ధంలో పది లక్షలకు పైగా నల్లవారు పనిచేసినా వారిలో అధిక భాగానికి దక్కినవి వంట, రవాణా, బరువులు మోసే పనులే. నల్లవారు పోరాటానికీ నాయకత్వానికీ పనికిరారని 1925లో ఆర్మీ వార్ కాలేజ్, అంటే సీనియర్ అధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థ, ఒక నివేదికలో తేల్చింది. (ఫలానా జాతులే యుద్ధానికి తగినవన్న ఇలాంటి శాస్త్రాభాసం వల్లనే 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో బ్రిటిష్ వారు మద్రాసు సైన్యంలోకి తెలుగువారిని తీసుకోవడం బాగా తగ్గించారన్నది ఇక్కడ గుర్తుకు రాక తప్పదు.) రెడ్ క్రాస్ సంస్థ నల్లవారి రక్తాన్ని మొదట్లో తీసుకోలేదు, తీసుకోవడం మొదలుపెట్టాక విడిగా నిల్వ చేసింది. జర్మన్ యుద్ధఖైదీలను కూర్చోబెట్టి భోజనం పెట్టిన దక్షిణాది హోటళ్లు, యూనిఫాంలో ఉన్న నల్ల సైనికులను లోపలికి రానివ్వలేదు. ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ అనే నల్లజాతి పత్రిక 1942లో మొదలుపెట్టిన ‘డబుల్ వి’ ఉద్యమం, బయటి ఫాసిజం మీదా ఇంట్లోని వివక్ష మీదా ఒకేసారి విజయం కావాలని కోరింది. సైన్యంలో ఈ వేర్పాటును రద్దు చేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ 9981వ కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేసినది 1948 జూలై 26న, అంటే కథాకాలానికి నాలుగేళ్ల తర్వాత.

ఫుల్లర్ తన పాత్రలను ఉంచిన దళం పేరు 221వ కెమికల్ స్మోక్ జనరేటింగ్ కంపెనీ. ఓడరేవులూ నదీ వంతెనలూ శత్రువు కంటపడకుండా దట్టమైన పొగ వదలడం ఇలాంటి దళాల పని. కథలో మాత్రం వారు పొగ వదిలే అవకాశం కోసమే ఎదురుచూస్తూ శిబిరం శుభ్రం చేస్తూ బేస్‌బాల్ ఆడుతుంటారు. ఒక రాత్రి తాగిన మత్తులో తిరిగి వస్తున్న సార్జెంట్ వెర్నన్ వాటర్స్‌ను ఎవరో కాల్చి చంపుతారు. పరిశోధనకు వచ్చిన కెప్టెన్ రిచర్డ్ డావెన్‌పోర్ట్ న్యాయవాది, సైనిక పోలీసు విభాగంలో అధికారి, నల్లవాడు. ఆ శిబిరంలోని సైనికులు అంతకుముందు ఎన్నడూ నల్ల అధికారిని చూసి ఉండకపోవడం వల్ల అతని రాకే వారికి పండుగ అవుతుంది.

హంతకుడి పేరు దాచి ఈ చిత్రం గురించి రాయడం సాధ్యమే గాని దండగ, ఎందుకంటే చిత్రంలో అసలు ఆసక్తి ఆ పేరులో కాక ప్రేక్షకుడు అంతకుముందు చేసే ఊహల్లో ఉంది. మొదటి ఊహ కూ క్లక్స్ క్లాన్, అంటే నల్లవారిని భయభ్రాంతులను చేసేందుకు ఏర్పడిన తెల్ల దురహంకారుల రహస్య దండు. శిబిరంలో అందరూ అదే అనుకుంటారు, దక్షిణాది చరిత్ర తెలిసిన ఎవరికైనా అది సహజమే. కానీ వాటర్స్ చొక్కా మీది సార్జెంట్ చారలు చెక్కుచెదరలేదు. నల్ల సైనికుడి హోదా చిహ్నాలను క్లాన్ వాళ్లు ముందు పీకేస్తారన్నది ఆ సైనికులకు తెలిసిన చేదు జ్ఞానం. ఇక్కడ ఆనవాలును చదవడానికి భూతద్దం అక్కరలేదు, జాత్యహంకారం కింద బతికిన అనుభవం కావాలి. నల్ల పరిశోధకుడు కేవలం పాత్రచిత్రణ కోసం కాక తర్కం కోసమే అవసరమయ్యే ఘట్టం ఇది. రెండో ఊహ బర్డ్, విల్‌కాక్స్ అనే ఇద్దరు తెల్ల అధికారులు; ఆ రాత్రి వారు వాటర్స్‌ను కొట్టిన మాట నిజమే. దళాధిపతి కెప్టెన్ టేలర్‌కు అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు, వారిని అరెస్టు చేద్దామంటాడు. డావెన్‌పోర్ట్ ఒప్పుకోడు. న్యాయం పట్ల సానుభూతి ఉన్న తెల్ల అధికారి తొందరపడుతుంటే నల్ల న్యాయవాది రుజువు కోసం ఆగడం, ప్రేక్షకుడు సులభంగా అందుకోబోయిన తృప్తిని అతని చేతికి దక్కనీయకపోవడం, ఫుల్లర్ రచనానైపుణ్యానికి మంచి నిదర్శనం.

సాక్షుల కథనాలు గతాన్ని చూపే దృశ్యాలుగా, అంటే ఫ్లాష్‌బ్యాక్‌లుగా, విచ్చుకుంటాయి. రంగస్థలం మీద ఇది ఒకే వేదికపై కేవలం వెలుతురు మార్పుతో జరుగుతుంది. డావెన్‌పోర్ట్ కుర్చీలో కూర్చొని ఉండగానే చనిపోయిన సార్జెంట్ అతనికి నాలుగడుగుల దూరంలో నిలబడి కేకలు వేస్తాడు. సినిమాలో కత్తిరింపు వారిద్దరినీ వేరుచేస్తుంది, మృతుడూ విచారణాధికారీ ఒకే గాలి పీల్చే ఆ అనుభవం పోతుంది. దానికి బదులు ఆర్కాన్సా రాష్ట్రంలో చిత్రీకరించిన రోడ్లూ బ్యారకులూ బంతి మైదానమూ కథకు చేరాయి, అన్నిటికన్నా ముఖ్యంగా అడాల్ఫ్ సీజర్ ముఖం దగ్గరైంది. నాటకంలోనూ సినిమాలోనూ వాటర్స్‌గా నటించిన సీజర్ పొట్టి మనిషి, గొంతు మాత్రం బొంగురుగా గంభీరంగా ఉంటుంది. ఆ చిన్న శరీరం సైనిక క్రమశిక్షణతో బిగుసుకుపోయి ఉండటం, తాగినప్పుడు ఒక్కసారిగా సడలిపోవడం సమీప దృశ్యాల్లో చూస్తే, ఇది వేదిక ఇవ్వలేనిది అని ఒప్పుకోవాలి. ఆయన ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్‌కు నామినేట్ అయి, రెండేళ్లు తిరగకుండానే 1986లో మరణించాడు.

వాటర్స్ నమ్మకం ఒక్కటే. నల్లవారు తెల్లవారి లోకంలో నిలవాలంటే వారి ఎగతాళికి అవకాశమిచ్చే ప్రతి లక్షణాన్నీ తమలో చంపుకోవాలి. ఈ నమ్మకానికి మూలం మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఫ్రాన్స్‌లో ఉంది. తెల్ల సైనికులు ఒక అమాయక నల్ల సైనికుడికి డబ్బిచ్చి, తోక తగిలించి, కోతిలా గెంతించి నవ్వుకున్నారనీ, తోటి నల్ల సైనికులు ఆ తర్వాత అతని గొంతు కోశారనీ వాటర్స్ ఏ పశ్చాత్తాపమూ లేకుండా చెప్పుకొస్తాడు. అవమానించినవారిపై కాక అవమానానికి గురైనవాడిపై కత్తి దిగడం గమనించాలి. వాటర్స్ జీవితమంతా ఆ కత్తి దిగిన దిశలోనే సాగింది. తన పిల్లలు తెల్లవారితో కలిసి పెద్ద చదువులు చదవాలన్న అతని కోరిక చెడ్డదేమీ కాదు, దాని కోసం ఎవరిని బలి ఇవ్వవచ్చో తానే నిర్ణయించగలనన్న ధీమా చెడ్డది.

బలి అయినవాడు సి.జె. మెంఫిస్. గిటార్ వాయిస్తూ పాడే, ఎవరినీ నొప్పించని, బేస్‌బాల్‌లో అందరినీ మించిన దక్షిణాది పల్లెటూరి కుర్రవాడు. వాటర్స్ కళ్లకు అతను తెల్లవారు నవ్వుకునే పాత బొమ్మకు నకలు. అందుకే అతని మంచం కింద తుపాకి పెట్టించి నేరం మోపుతాడు, రెచ్చగొట్టి చేయి చేసుకునేలా చేస్తాడు, జైలుకు వెళ్లి మరీ ఇంతకుముందు వేరే శిబిరాల్లోనూ ఇలాంటివారిని వదిలించుకున్నానని చెబుతాడు. ఊచల మధ్య ఉండలేని సి.జె. ఉరి వేసుకుంటాడు. జట్టు ఆటగాళ్లు తర్వాతి ఆటను కావాలనే ఓడిపోతారు, దాంతో న్యూయార్క్ యాంకీస్ జట్టుతో ఆడే అవకాశం చేజారుతుంది. తెల్లవారి ప్రధాన లీగ్‌లలో నల్లవారికి చోటు లేని ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద త్యాగమో ఊహించవచ్చు. 1947లో ఆ గోడను దాటిన జాకీ రాబిన్సన్, సరిగ్గా ఈ కథ జరిగే 1944లోనే టెక్సాస్‌లో లెఫ్టినెంట్‌గా ఉంటూ బస్సులో వెనక సీటుకు వెళ్లనన్నందుకు కోర్ట్ మార్షల్‌ను, అంటే సైనిక న్యాయస్థాన విచారణను, ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు.

హంతకుడు ప్రైవేట్ ఫస్ట్ క్లాస్ మెల్విన్ పీటర్సన్. ప్రైవేట్ ఫస్ట్ క్లాస్ అంటే సైన్యంలో కింది హోదాల్లో ఒకటి. అప్పటికి పెద్దగా పేరులేని డెంజెల్ వాషింగ్టన్ నాటకంలో తాను వేసిన ఈ పాత్రనే సినిమాలోనూ పోషించాడు. వాటర్స్‌ను మొదటినుంచీ ఎదిరించినవాడు, చదివినవాడు, ఆత్మగౌరవం గలవాడు పీటర్సన్ ఒక్కడే. కవి, నాటకకర్త అమీరి బరాకా ఈ నాటకాన్ని కటువుగా విమర్శించడానికి ఇది ఒక ప్రధాన కారణం. నల్లజాతి తీవ్రవాద చైతన్యానికి ప్రతినిధిగా కనిపించేవాడినే ఫుల్లర్ హంతకుణ్ణి చేశాడన్నది ఆయన ఫిర్యాదు. ఫిర్యాదు తేలికగా కొట్టిపారేయదగినది కాదు. బరాకాతో కలిసి 1968లో ‘బ్లాక్ ఫైర్’ సంకలనాన్ని వెలువరించిన లారీ నీల్ ఫుల్లర్‌కు చిన్ననాటి మిత్రుడు కావడం, ఫోర్ట్ నీల్ పేరు ఆయన స్మృతిగా వచ్చినది కావడం, ఈ వివాదాన్ని ఒక కుటుంబ కలహంలా మారుస్తాయి. అయినా పీటర్సన్‌ను విలన్‌గా చదవడం సరికాదు. ఎవరు నల్లవాడిగా ఉండదగినవాడో ఎవరు కాదో తీర్పు చెప్పే హక్కు నీకెవరిచ్చారని డావెన్‌పోర్ట్ చివర్లో అతన్ని నిలదీసినప్పుడు, అదే ప్రశ్న వాటర్స్‌కూ వర్తిస్తుందనీ, చంపినవాడు చచ్చినవాడి పద్ధతినే అనుసరించాడనీ స్పష్టమవుతుంది. తానెంత మారినా తెల్లవారు ద్వేషించడం మానలేదన్న ఎరుక వాటర్స్‌కు చావు ముంగిట కలిగింది. పీటర్సన్‌కు ఆ వినయం సైతం కలగలేదు.

చిత్రం బలహీనమయ్యేది దీని తర్వాతే. దళానికి యూరప్ వెళ్లే ఆజ్ఞ వస్తుంది, టేలర్, డావెన్‌పోర్ట్‌ల మధ్య స్నేహం వంటిది కుదురుతుంది, సైనికులు ఉత్సాహంగా కవాతు చేస్తారు. స్టూడియోలు వెనుకాడిన ఇతివృత్తాన్ని సుమారు 60 లక్షల డాలర్లతో, తన పారితోషికం బాగా తగ్గించుకుని జ్యూయిసన్ తీశాడన్నది నిజమే. ఆర్కాన్సా గవర్నర్‌గా ఉన్న బిల్ క్లింటన్ చొరవతో రాష్ట్ర నేషనల్ గార్డ్ సైనికులు చిత్రీకరణలో పాల్గొనడం వల్ల ఆ కవాతు నిండుగా కనిపిస్తుందన్నదీ నిజమే. నాటకం ముగింపు మాత్రం వేరు. ఆ దళమంతా, అధికారులతో సహా, జర్మనీలోని రూర్ లోయలో తుడిచిపెట్టుకుపోయిందని డావెన్‌పోర్ట్ పొడిమాటల్లో చెబుతాడు. తోటి సైనికుడి తుపాకికి బలైన వాటర్స్, సైనిక కార్యాలయాల గందరగోళంలో యుద్ధంలో మరణించినట్టు నమోదై సొంత ఊళ్లో వీరుడవుతాడు. పరిశోధన తేల్చిన ఒక్క నిజం కూడా కాగితాల్లో నిలవదు. అపరాధ పరిశోధన కథ చేసుకున్న ఒప్పందాన్ని ఇంత చల్లగా రద్దు చేసిన ముగింపు సినిమాకు దక్కి ఉండవలసింది.

దీనికి జ్యూయిసన్ ఒక్కడినే తప్పుపట్టడం కుదరదు, ఎందుకంటే చిత్రానువాదం రాసినదీ ఫుల్లరే, దానికి ఆస్కార్ నామినేషన్ అందుకున్నదీ ఆయనే. ఆ ఏడాది ఉత్తమ చిత్రం పురస్కారాన్నీ, అనుసరణ చిత్రానువాద పురస్కారాన్నీ ‘అమడేయస్’ తన్నుకుపోయింది. సినిమాలో సైనికుడు కాబ్‌గా చిన్న పాత్ర వేసిన డేవిడ్ అలన్ గ్రియర్, 2020లో ఈ నాటకం తొలిసారిగా బ్రాడ్‌వేకు చేరినప్పుడు వాటర్స్ పాత్ర ధరించి టోనీ బహుమతి గెలుచుకున్నాడు. ఆ ప్రదర్శనకు ఆధారం ఫుల్లర్ 1981 నాటి నాటక ప్రతే.